పంపించిన తర్వాత పోయి చూసినామా?

(అనంతపురంలో గ్రామ సమాఖ్య నాయకురాళ్ళు, ఆశా, అంగన్వాడీ కార్యకర్తల ముందు చేసిన ప్రసంగం. రానివాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్ళు ముందుకు రండమ్మా, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల సద్దు ఎక్కువుంది, ఒకటి ఆపితే నా మాట వినపడుతుంది. ఆ, ఇప్పుడు సరిపోయింది.

ఒక ప్రశ్న అడుగుతా. మీ ఊళ్ళో పోయిన ఏడాది మొగుడు పెండ్లాల పంచాయితీలు ఎన్ని జరిగినాయి? నాకు చెప్పే పని లేదు, వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. లెక్క వచ్చింది కదా. ఇప్పుడు రెండో ప్రశ్న. పంచాయితీ అయిపోయి ఆయమ్మను కాపురానికి పంపించిన మూడో రోజు, ఆ ఇంటికి పోయి చూసినవాళ్ళు ఎంతమంది? చూడండి, మొదటి ప్రశ్నకు వేళ్ళు కదిలినాయి. రెండోదానికి కదల్లేదు. ఈ పొద్దు నేను మాట్లాడేదంతా ఆ రెండో ప్రశ్న మీదనే.

మన తావ పంచాయితీ ఎట్ల జరుగుతుందో మీకు నేను చెప్పాలా? రచ్చకట్ట కాడనో, గుడి కాడనో నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడతారు. "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటారు. ఎవరి ముందర చెప్పల్ల? కొట్టినోని ముందర. ఆయమ్మ సగం మింగి సగం చెప్తుంది. "తప్పు ఇద్దరిలోనూ ఉంది, సర్దుకోండి" అని తీర్పు. తర్వాత ఒక స్టాంపు పేపరు. "ఇకమీదట కొట్టను" అని అతని సంతకం, "అత్తమామల మాట వింటాను" అని ఆమె సంతకం. దెబ్బనూ, మాట వినకపోవడాన్నీ ఒకే తక్కెడలో పెట్టి తూచిన కాగితం అది. రేపు అతను మళ్ళీ కొడితే, ఆ కాగితం చూపించి ఎవరూ అతన్ని ఏమీ చెయ్యలేరు. పెద్దమనుషుల మొగం ఎదురుగా ఉన్నంతసేపే దాని బలం.

రాజీ అయింది అంటాం. ఎవరికి అయింది? మనకు అయింది. మనం ఇంటికి పోయి సంగటి తిని పండుకుంటాం. ఆ ఇంట్లో తలుపు పడినాక "నన్ను నలుగుర్లో నిలబెడతావా" అని రెండో విడత మొదలవుతుంది. ఈసారి ఆయమ్మ బయటికి రాదు. పోయినసారి వచ్చి ఏం బాగుపడిందని వస్తుంది? మనమేమో "మనం చెప్పినాక మారినాడు, మళ్ళీ గొడవే లేదు" అనుకుంటాం. గొడవ ఉందమ్మా. మన చెవిదాకా రావడం ఆగిపోయింది, అంతే.

ఇది నా ఊహ అనుకోవద్దండి. 2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది, ఐదోది. మన రాష్ట్రంలో పెండ్లయిన ఆడవాళ్ళలో, 18 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో, 100కు 30 మంది మొగుని చేతిలో హింస పడినామని చెప్పినారు. మీ సంఘంలో పదిమంది ఉంటే ముగ్గురు. ఎవరా ముగ్గురు అని ఇప్పుడు పక్కకు తిరిగి చూడొద్దు! దేశం మొత్తం మీద చూస్తే, హింస పడినవాళ్ళలో 100కు 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అదే సర్వేలో ఇంకోటి అడిగినారు. చెప్పకుండా బయటికి పోతే, వంట సరిగా చెయ్యకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే, ఇట్ల ఒక్కొక్క కారణం చెప్పి, దీనికి మొగుడు కొట్టడం న్యాయమేనా అని. ఏదో ఒక కారణానికి న్యాయమే అన్నవాళ్ళు మన రాష్ట్రం ఆడవాళ్ళలో 100కు 80 మందికి పైన. ఆడవాళ్ళే, మళ్ళీ చెప్తున్నా, ఆడవాళ్ళే. ఆ 80 మందిలో పంచాయితీలో కూర్చునేవాళ్ళు లేరా? సమాఖ్య లీడర్లు లేరా? ఆశా కార్యకర్తలు లేరా? కాబట్టి అవగాహన అనే మాట ఊరి నుంచి మొదలుపెట్టకండి, ఈ హాలు నుంచి మొదలుపెట్టండి.

హింస అంటే దెబ్బ ఒక్కటే కాదని మీలో చాలామందికి శిక్షణల్లో చెప్పే ఉంటారు. 2005లో వచ్చిన గృహహింస చట్టం నాలుగు రకాలు చెప్పింది: ఒంటి మీద దెబ్బ, లైంగిక హింస, మాటలతో మనసును చంపడం, డబ్బు కాడ కట్టడి. మొదటి మూడు వదిలేస్తా, మీకు తెలుసు. నాలుగోదాని మీద కొంచెంసేపు నిలబడతా. ఎందుకంటే అందులో మన చెయ్యి కూడా ఉంది.

శెనక్కాయ పంట పోయిన ఏడు ఏమవుతుంది? డ్వాక్రా లోను మీద చూపు పడుతుంది. లోను ఆమె పేరు మీద. డబ్బు అతని చేతిలో. బోరుకో, పాత అప్పుకో, మందుకో పోయింది. కంతు కట్టే రోజు ఎవర్ని నిలదీస్తాం? ఆమెను. "నీ వల్ల సంఘానికి చెడ్డపేరు" అని పదిమంది ఆమె గడప ముందర నిలబడతాం. ఇంటి లోపల "డబ్బు ఏదంటావా" అని దెబ్బ, ఇంటి బయట మనం. ఆయమ్మ యాడికి పోవల్ల? దీనికి ఒక పని చెయ్యండి. కంతు వరుసగా రెండుసార్లు తప్పితే, పదిమంది పోవద్దు. ఆమెకు నమ్మకమైన ఒక్కరే పోండి, పొద్దున అతను పనికి పోయినాక. "డబ్బు ఎప్పుడు కడతావు" అని కాదు, "డబ్బు ఎవరి చేతిలో ఉంది" అని అడగండి. ఆ ఒక్క మాట మార్చితే, వసూలుకు పోయిన మనిషి సాయానికి పోయిన మనిషి అవుతుంది.

తాగుడు సంగతి. "తాగినప్పుడే కొడతాడు, లేకపోతే బంగారం" అంటారు. నేను అడుగుతా, తాగినోడు ఎస్సైని కొడతాడా? అప్పిచ్చినోన్ని కొడతాడా? దారిలో ఇంతమందిని దాటుకొని ఇంటిదాకా వచ్చి, తలుపేసి, పెండ్లాన్నే కొడతాడు. నిషాలో కూడా ఎవర్ని కొడితే చెల్లుతుందో అతనికి తెలుసు. తాగుడు దెబ్బను పెద్దది చేస్తుంది, నిజమే. దెబ్బకు అనుమతి మాత్రం వేరే తావ నుంచి వస్తుంది. సారా ఉద్యమం గుర్తుంది కదా, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది. ఆడవాళ్ళు అంగళ్ళు మూయించినారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఒకటైతే ఏమవుతుందో చూపించిన ఉద్యమం అది. కానీ సారా పోయిన ఇండ్లన్నిట్లో దెబ్బ కూడా పోయిందా? మీ అమ్మల్ని, జేజిల్ని అడగండి.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్తా. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఒట్టు వేయించి, మాల వేయించి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, ఏదేదో కనపడటం, ఎవరో చంపడానికి వస్తున్నారని అనుమానం, ఇవి వస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. ఆ మూడు రోజుల్లోనే ఇంట్లోవాళ్ళకు కూడా ప్రమాదం. ఆస్పత్రిలో మానసిక విభాగానికి తీసుకుపోయి, మందులతో మాన్పించాల.

తలుపు తట్టేది ఎట్ల

ఊళ్ళో కమిటీ అంటే పేర్లు రాసి బోర్డు పెట్టడం కాదు. ఐదుగురు, ఏడుగురు చాలు. ఎవరుండాలి? సమాఖ్య నుంచి ఒకరు, ఆశా, అంగన్వాడీ టీచరు, ఇది అందరూ చెప్పేదే. నేను ఇంకో ఇద్దర్ని కలపమంటా. ఒకరు బట్టలు కుట్టే ఆమె. కొలత తీసేటప్పుడు భుజం మీద కమిలిన మచ్చ ఎవరికి కనపడుతుంది? ఎండాకాలంలో ఉన్నట్టుండి మోచేతి దాకా చేతులు పెట్టి కుట్టమని ఎవరిని అడుగుతారు? రెండు, చిల్లర అంగడి ఆమె. రోజూ వచ్చే మనిషి వారం నుంచి రాకుండా పిల్లోన్ని పంపిస్తోందంటే మొదట తెలిసేది ఆమెకే. మగవాళ్ళు కూడా ఇద్దరుండాలి. ఒకరు పెద్దాయన, తన ఇంట్లో చెయ్యెత్తడని ఊరికి తెలిసినాయన. ఒకరు కుర్రోడు. పార్టీ లీడర్లను పెట్టొద్దు. మంచివాళ్ళు కారని కాదు, ఎదుటి పార్టీ ఇంట్లో ఆడమనిషి మీ గడప తొక్కదు కాబట్టి.

గొడవ వినపడింది. అరుపు, ఏదో పగిలిన సద్దు. ఏం చెయ్యాలి? ఒక్కరే పోవద్దు, ఇద్దరు పోండి. తలుపు తట్టి "ఎందుకు కొడుతున్నావు" అని అడగొద్దు. "అక్కా, తోడుకు పెరుగు ఉందా?" "మా పిల్లోడు ఇటు వచ్చినాడా?" "కరెంటు మీకు ఉందా?" ఇంతే. మనం పంచాయితీకి పోలేదు, దెబ్బకు అడ్డం పడటానికి పోయినాం. ఆ రెండు నిమిషాల్లో ఎత్తిన చెయ్యి దిగుతుంది. వింటున్నారు అని తెలుస్తుంది. 2008లో దేశంలో ఒక ప్రచారం నడిచింది, పక్కింట్లో దెబ్బలు వినపడితే గంట కొట్టండి అని. వాళ్ళకు కాలింగ్ బెల్లు, మనకు పెరుగు తోడు.

అతను తలుపు తీసి అరిచినా మారు మాట్లాడొద్దు. ఇద్దరి మధ్యలో దూరొద్దు. "ఆమె చెప్తే వచ్చినాం" అని ఎప్పటికీ అనొద్దు, ఆ మాటకు ఆమె రాత్రంతా వెల కడుతుంది. కొడవలి, గొడ్డలి, కిరోసిన్, ఏదైనా చేతిలో కనపడితే వెనక్కి వచ్చి 112కు, పోలీసు బండి కోసం ఫోను చెయ్యండి. ఊరి పేరు, మండలం, గుర్తు పట్టే తావు, పిల్లలు లోపల ఉన్నారా, చేతిలో ఏముంది, ఈ ఐదు చెప్పండి. "గొడవ జరుగుతోంది" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తే బండి ఎటు రావాలో వాళ్ళకెట్ల తెలుస్తుంది?

మర్నాడు ఆమెతో మాట్లాడండి. మర్నాడు, అదే రాత్రి కాదు. కొళాయి కాడ, చేను కాడ, అంగన్వాడీలో, ఒంటరిగా. ఏం చెప్పాలి? మూడు మాటలు చాలు. "నువ్వు చెప్పేది నమ్ముతున్నా." "ఇది నీ తప్పు కాదు." "నీకేం కావాలో నువ్వు చెప్పు, దారి మేం చూస్తాం." ఇంక ఆపండి, వినండి. మనకు గమ్మున ఉండటం రాదు, అదే మన రోగం. "నువ్వేం అన్నావు మరి?" ఈ ఒక్క ప్రశ్న నోట్లోంచి వచ్చిందంటే ఆయమ్మ ఇంక మీతో మాట్లాడదు. "పిల్లల మొగం చూసి సర్దుకో" కూడా అంతే. "వాన్ని వదిలెయ్, ఇప్పుడే నడువు" కూడా అంతే, అది మంచి మాట లాగ ఉంటుంది కానీ మళ్ళీ ఇంకొకరు ఆమె మీద తీర్పు చెప్పడమే.

వదిలెయ్యమని ఎందుకు తొందరపెట్టొద్దో కూడా చెప్తా. ఇల్లు విడిచి పోయే రోజూ, పోయిన కొత్తలోనూ ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. చెయ్యి దాటిపోతోందని అతనికి తెలిసే సమయం అదే. అందుకని పోయేటట్టయితే సిద్ధపడి పోవాలి.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి. కొన్ని గుర్తులుంటే పంచాయితీ మాటే ఎత్తొద్దు, నేరుగా సాయం కాడికి తీసుకుపోండి. గొంతు పిసకడం. ఆయుధం చూపించడం. "చంపి నేనూ చస్తా" అనడం. కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం. దెబ్బలు నెల నెలకూ పెరగడం. అనుమానంతో అడుగు బయట పెట్టనీయకపోవడం. వీటిలో గొంతు పిసకడాన్ని మనం "మెడ పట్టుకున్నాడంట" అని తేలిగ్గా తీసేస్తాం. అమెరికాలో చేసిన పరిశోధనలో, ఒకసారి గొంతు పిసికించుకున్న ఆడమనిషి తర్వాత అదే మనిషి చేతిలో చచ్చిపోయే ప్రమాదం సుమారు ఏడు రెట్లు ఎక్కువని తేలింది. బయట ఏ గుర్తూ ఉండకపోవచ్చు. మీరు చూడాల్సింది గొంతు బొంగురు పోయిందా, మింగేటప్పుడు నొప్పా, కంటి తెల్లగుడ్డులో ఎర్రచుక్కలున్నాయా, ఆ సమయంలో స్పృహ పోయిందా, తెలియకుండా మూత్రం పోయిందా. ఒక్కటున్నా అదే పొద్దు ఆస్పత్రికి. లోపల వాపు, మెదడుకు పోయే రక్తనాళానికి దెబ్బ, రోజుల తర్వాత కూడా బయటపడతాయి.

ఇంకొకటి మన ప్రాంతానిది. పురుగుల మందు. చేనుకు కొట్టగా మిగిలిన డబ్బా ఇంట్లో మూలన ఉంటుంది. గొడవలున్న ఇంట్లో ఆ డబ్బా ఉండకూడదు. ఆమె తాగొచ్చు, ఆమెకు తాపొచ్చు. "ఎలుకలు, పిల్లోల్లు ఉన్నారు, చేను కాడ కొట్టంలో పెట్టి తాళం వేసుకోండి" అని ఆశా కార్యకర్త చెప్తే ఎవరికీ అనుమానం రాదు. "బతకాలని లేదు" అని ఆమె నోట వస్తే మాట మార్చొద్దు, మానసిక సాయం ఇచ్చే టెలిమానస్‌ 14416కు ఫోను కలిపి పక్కనే కూర్చోండి.

సిద్ధపడటం అంటే ఒక సంచి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటో, పెండ్లి పత్రిక, రోజూ వేసుకునే మందులు, రెండు జతల బట్టలు, బస్సు ఛార్జీలు. అసలు కాగితాలు తీస్తే తెలిసిపోతుందనుకుంటే జిరాక్సులు చాలు. ఆ సంచి ఆమె ఇంట్లో కాదు, నమ్మకమైన పక్కింట్లో. పుట్టింట్లో పెడితే? అతను మొదట వెతికేది అక్కడే. గొడవ ముదురుతోందనిపిస్తే వంటింట్లోకి, స్నానాల గదిలోకి పోవద్దని చెప్పండి. వంటింట్లో కత్తి, పొయ్యి. స్నానాల గదికి రెండో దారి లేదు. వాకిలి దిక్కు రావాలి. పక్కింటోళ్ళతో ఒక గుర్తు పెట్టుకోవాలి. పిల్లోడు వచ్చి "చేట ఇవ్వమంది" అంటే ఫోను చెయ్యమని అర్థం, అట్ల. ఆడవాళ్ళ సాయం నంబరు 181కి ఫోను చేసినాక కాల్ లిస్టులో ఆ నంబరు తుడిచెయ్యాలి. ఆమె వాట్సాప్ అతని ఫోన్లో కూడా తెరిచి ఉందేమో, లింకు అయిన ఫోన్లు చూపించే చోట ఒకసారి చూడాలి. ఈ ఒక్కటి తెలియక ఎన్ని పథకాలు బయటపడతాయో!

చట్టం ఏమిస్తుంది

"కేసు పెడితే మొగుడు జైలుకు పోతాడు, కాపురం పోతుంది." ఇదే కదా భయం? అది ఒక్క చట్టమే అనుకోవడం వల్ల వచ్చిన భయం. రెండు దారులున్నాయి. ఒకటి క్రిమినల్ కేసు, మొగుడు, అత్తింటోళ్ళు పెట్టే హింస మీద ఉన్న పాత సెక్షన్ 498ఏ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. అది పోలీసు, అరెస్టు, శిక్ష. రెండోది గృహహింస చట్టం. అది శిక్ష అడగదు. కొట్టొద్దని ఆర్డరు, ఇంట్లోంచి గెంటొద్దని ఆర్డరు, ఖర్చులకు డబ్బు, పిల్లలు ఆమె కాడ ఉండేటట్టు ఆర్డరు, జరిగిన నష్టానికి పరిహారం, వీటిని మేజిస్ట్రేటు ఇస్తారు. రక్షణ ఆర్డరు వచ్చినాక అతను దాన్ని తప్పితేనే నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనదగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి కావాల్సింది ఇదే. దెబ్బ ఆగాలి, తల దాచుకోవాలి, పిల్లలకు కూడు ఉండాలి. పెద్దమనుషుల స్టాంపు పేపరులో రాసుకున్న మాటలే ఇవి. తేడా ఏమంటే, ఈ కాగితం వెనక కోర్టుంది.

ఎక్కడికి పోవాలి? జిల్లా కేంద్రంలో ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టర్ ఆఫీసులో గృహహింస చట్టం పని చూసేవాళ్ళుంటారు. రక్షణ అధికారి డీఐఆర్ అని ఒక ఫారం రాస్తారు, జరిగిన సంఘటనల నివేదిక. జిల్లాకో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది. అక్కడ వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగు ఒకే చోట, కొద్ది రోజులు ఉండటానికి తావు కూడా. 181కి చేస్తే దారి చెప్తారు. ఇంకొకటి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి. కదిరి, ధర్మవరం, హిందూపురం వాళ్ళకు ఇప్పుడు జిల్లా కేంద్రం పుట్టపర్తి. పాత అలవాటుకొద్దీ దెబ్బలు తిన్న మనిషిని అనంతపురం బస్సెక్కించి తిప్పొద్దు. నంద్యాల, రాయచోటి వైపు వాళ్ళతో మాట్లాడినా ఇదే చెప్పండి.

డీఐఆర్ లేకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వెయ్యొచ్చా? వెయ్యొచ్చు. 2022లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఏ కోర్టు? ఆమె ఇప్పుడు ఎక్కడ తలదాచుకుంటే అక్కడి కోర్టు కూడా చెల్లుతుంది. రాయదుర్గం పిల్లను బళ్ళారికి ఇచ్చినారనుకోండి, పుట్టింటికి వచ్చి ఉంటే రాయదుర్గంలోనే వెయ్యొచ్చు. కర్ణాటకకు తిరగాల్సిన పని లేదు. లాయరు ఖర్చు? ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గానీ, మీ దగ్గరి కోర్టులో ఉండే మండల కమిటీలో గానీ అడగండి. ఫోను 15100. ఇల్లు అత్త పేరు మీద ఉంది, ఉండటానికి హక్కు లేదు అంటారా? కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరు మీదున్నా ఆమె నివాస హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

కాగితం ఎక్కడ చెడిపోతుందంటే, రాసేటప్పుడు. "తరచుగా కొట్టి హింసిస్తాడు" అని రాస్తారు. ఏమీ రాయనట్టే అది. ఏ రోజు, ఎక్కడ, దేనితో, ఎవరు చూసినారు, ఆస్పత్రికి పోయినారా? "ఆయమ్మకు తేదీలు గుర్తుండవు" అంటారు. తేదీ గుర్తుండదు, ఉగాది ముందర అమావాస్య గుర్తుంటుంది, శెనక్కాయ పెరికే రోజులు గుర్తుంటాయి, చిన్నపిల్లకు జ్వరం వచ్చిన వారం గుర్తుంటుంది. క్యాలెండరు పక్కన పెట్టుకొని మీరు తేదీకి మార్చండి. మొదటి దెబ్బ, అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఆఖరి దెబ్బ, ఈ మూడైనా వివరంగా ఉండాలి. రెండో తప్పు, మధ్యంతర ఆర్డరు, అంటే కేసు తేలేదాకా నడిచే ఆర్డరు అడక్కపోవడం. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, మొత్తం 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. కోర్టుల్లో అంతకంటే చాలా ఎక్కువ పడుతుందని మీకూ తెలుసు. అందుకే అర్జీతోపాటే మధ్యంతర ఆర్డరు కోసం ప్రమాణపత్రం కూడా పెట్టమని లాయరును గట్టిగా అడగండి. ఆస్పత్రిలో "మెట్ల మీద జారిపడినా" అని రాయించొద్దు. తర్వాత ఆ చీటీయే అవతలి లాయరు చేతికి పోతుంది. డీఐఆర్ ఏది, కేసు ఏది అని వైద్యం ఆపే హక్కు ఆస్పత్రికి లేదు.

ముసలివాళ్ళ సంగతి రెండు ముక్కల్లో. కొడుకు కొడుతున్నాడు, పింఛను డబ్బు లాక్కుంటున్నాడంటే ఆ తల్లికి గృహహింస చట్టమూ ఉంది, 2007 నాటి పెద్దల పోషణ చట్టమూ ఉంది. ఆర్డీవో ఆఫీసులో అర్జీ, ఫోను 14567. పిల్లలకైతే 1098.

గోడ మీద ఏం రాయాలి

నవంబరు 25 వస్తుంది, ఆడవాళ్ళ మీద హింసకు వ్యతిరేకంగా జరిపే దినం. ఆ పొద్దు నుంచి డిసెంబరు 10 దాకా 16 రోజులు ర్యాలీలు, బ్యానర్లు. చెయ్యండి, వద్దనను. కానీ బ్యానరు మీద ఏం బొమ్మ వేస్తారు? కన్ను వాచి, మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడ్చే ఆడమనిషి. దాన్ని చూసి దెబ్బలు తినే ఆమె ఏమనుకుంటుంది? "నాకు అంత లేదులే" అనుకుంటుంది. కొట్టేవాడేమనుకుంటాడు? "నేను అంత కొట్టలేదులే." బొమ్మలో ఆడమనిషిని కాదు, తలుపు తట్టే పక్కింటోళ్ళను వెయ్యండి. చెయ్యాల్సిన పని కనపడాలి.

181 బస్టాండు గోడ మీద రాస్తారు. అందరూ చూస్తుండగా దాన్ని ఫోన్లో ఎక్కించుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు లోపలి పక్క రాయండి. ఏఎన్ఎం గదిలో, గర్భిణులను చూసే మంచం కాడ రాయండి. డ్వాక్రా పుస్తకం వెనక అట్ట మీద బ్యాంకు నంబరు, గ్యాస్ నంబరు, దాని కింద ఇది, పది నంబర్లలో ఒకటిగా. అప్పుడు అతను చూసినా ఏమీ అనడు.

కళాజాత పెడితే చెక్కభజనకో కోలాటానికో జనం వస్తారు, మంచిదే. నాటకం వేస్తే ఆఖరిదాకా వెయ్యొద్దు. చెయ్యి ఎత్తే కాడ ఆపెయ్యండి. "ఇప్పుడు పక్కింటామె ఏం చెయ్యాల?" అని జనాన్ని అడగండి. ఒకరు లేచి చెప్తే "వచ్చి చేసి చూపించు" అనండి. నవ్వుతారు, సిగ్గుపడతారు, తర్వాత వస్తారు. తోడుకు పెరుగు అడగడం నాటకంలో ఒకసారి చేసినామె, నిజంగా రాత్రి తొమ్మిదికి చెయ్యడానికి భయపడదు.

మగవాళ్ళతో సభ విడిగా పెట్టండి. ఇక్కడ వెనక కూర్చున్న అన్నలకు చెప్తున్నా, అది మీ పని. ఆడవాళ్ళు వచ్చి మగవాళ్ళకు నీతి చెప్తే చెవులు మూసుకుంటారు. అడగాల్సింది "మీరు కొడతారా?" అని కాదు, అందరూ లేదంటారు. "మీ నాయన మీ అమ్మను కొట్టినప్పుడు మీరు యాడ ఉంటిరి, ఏం చేస్తిరి?" అని అడగండి. హాలు గమ్మునైపోతుంది. అక్కడినుంచి మాట మొదలుపెట్టండి.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నల కాడికి వస్తున్నా. రాజీ వద్దని నేను అనడం లేదు. ప్రమాద గుర్తులు లేవు, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడిగితే "నాకు కాపురమే కావాలి" అంది, అప్పుడు మాట్లాడండి. ఇద్దరితో విడివిడిగా. ఆమె ఏ షరతుకూ ఒప్పుకోనక్కరలేదు, కొట్టకపోవడానికి బదులుగా ఏదీ ఇవ్వక్కరలేదు. కాగితం రాస్తే అందులో అతను చెయ్యాల్సిన పనులే ఉండాలి, ఆ కాగితం నకలు ఆమె పుట్టింట్లో ఒకటి, సమాఖ్యలో ఒకటి. అదే రోజు, "మేము మూడో రోజు వస్తాం, పదో రోజు వస్తాం, నెలకు వస్తాం, మూడు నెలలకు వస్తాం" అని అతని ముందరే చెప్పండి. చెప్పినట్టు పోండి. పోయినప్పుడు మజ్జిగ తాగి రావడం కాదు, ఆమెను బయటికి తీసుకొచ్చి ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడండి. డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఫోను ఎవరి చేతిలో ఉంది, నిద్ర పడుతోందా, పుట్టింటోళ్ళతో మాట్లాడనిస్తున్నాడా. మొదటిసారి పోయినప్పుడు "బాగుంది" అంటుంది. రెండోసారి కూడా "బాగుంది" అనే అంటుంది. నిజం చెప్పేది సాధారణంగా మూడోసారి, వీళ్ళు నిజంగానే వస్తున్నారని నమ్మకం కుదిరినాక.

అందరి ముందర ఒక నోటుబుక్కు పెట్టినాం, తీసుకోండి. అందులో పేర్లు రాయొద్దు, ఇంటి నంబరు రాయొద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకోండి. నాలుగు గీతలు గీయండి: మూడో రోజు, పదో రోజు, నెల, మూడు నెలలు. ఇందాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు కదా, ఆ ఇండ్లను వరుసగా రాసుకోండి. రేపు పొద్దున ముందుగా పోవాల్సిన ఇల్లు ఏదో దానికి చుక్క పెట్టండి. భోజనాల తర్వాత మండలాల వారీగా కూర్చుందాం. కొళాయి ఆ పక్క ఉంది.